పెద్ద విజిల్ గారు ఏమన్నారండి?

ఇప్పుడంటే ఏ ఆటలోనైనా అనుమానం రాగానే అందరూ తలెత్తి పెద్ద తెర వైపు చూస్తున్నారు. అక్కడ బొమ్మ వెనక్కీ ముందుకీ నడిచి నిజమేదో తేల్చేస్తోంది. నేను రెండు జడలు మడిచి రిబ్బను కట్టుకుని కబడ్డీ ఆడిన ఆ రోజుల్లో నిజం అనేది రిఫరీ గారి చేతిలో ఉండేది. ఆయన చెయ్యి ఎటు లేస్తే నిజం అటు వెళ్ళి నిలబడేది. మనం ఏడవొచ్చు, మట్టి తన్నొచ్చు, ఇంటికెళ్ళి అన్నం మానెయ్యొచ్చు (నేను అన్నీ చేశాను), లేచిన చెయ్యి మాత్రం దిగదు. అలా లేచిన ఒక చేతిని దించడానికి నేనెంత దూరం వెళ్ళానో తల్చుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఎం.ఫిల్ దాకా వెళ్ళాను.

సంగతేంటంటే, జిల్లా జట్టుకి అమ్మాయిల్ని ఎంచడానికి రాజమండ్రిలో పోటీలు పెట్టారు. ఫైనల్లో ఆఖరి కూత నాది. వెళ్ళి ఒకమ్మాయిని తాకి వెనక్కి తిరిగేసరికి అవతలి జట్టంతా నా కాళ్ళ మీద పడింది. నేను కూత ఆపకుండా బోర్లా పడి, పాక్కుంటూ, చెయ్యి చాచాను. నా వేళ్ళు మధ్యనున్న సున్నం గీత దాటి మా కోర్టులో పడ్డాయి. దాటాయంటే పాయింటు మాది, ఫైనల్ మాది, జిల్లా జట్టులో నా పేరు ఖాయం. రిఫరీ గారు విజిల్ ఊది చెయ్యి అవతలి జట్టు వైపు ఎత్తారు. నేను లేచి వేళ్ళు చూపించి, "దాటిందండి, సున్నం చూడండి" అన్నాను. ఆయన ఎంతో శాంతంగా, "సున్నానికేముందమ్మా, ఎక్కడైనా అంటుకుంటుంది. కిళ్ళీ కొట్టువాణ్ణి అడుగు" అన్నారు. జనం నవ్వారు. నేను జిల్లా జట్టుకి వెళ్ళలేదు.

ఆ రిఫరీ గారినే మా వైపు ఆటల వాళ్ళందరూ పెద్ద విజిల్ గారు అనేవారు. పెద్దాపురంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండు గోదావరి జిల్లాల్లో రిఫరీలన్నవాళ్ళలో సగంమంది ఆయన శిష్యులు, మిగతా సగం ఆ శిష్యుల శిష్యులు. ఆయన మాట మీద మాట ఉండేది కాదు. అయితే ఆ పెద్దమనిషికి తెలియనిది ఒకటుంది. ఆ రోజు మైదానంలో మా వీడియో బాబాయి కూడా ఉన్నాడు.

బాబాయిది పెళ్ళి వీడియోల వ్యాపారం. ముహూర్తాలు లేని రోజులు కావడంతో కెమెరా తుప్పు పడుతుందని మా పోటీలు తీశాడు. తీశాడంటే, పెళ్ళి తీసినట్టే తీశాడు. వేదిక మీది పెద్దలు, వాళ్ళ మెడలో దండలు, కుర్చీల్లో ఆడవాళ్ళు, కూల్ డ్రింకు పుచ్చుకుంటున్న ప్రెసిడెంటు గారు, మధ్యలో ఎప్పుడైనా ఖాళీ దొరికితే కబడ్డీ. కానీ ఆఖరి కూతకి వెళ్ళింది అన్నగారి కూతురు కాబట్టి, పెళ్ళికూతురి మీదకి వెళ్ళినట్టు కెమెరాతో నా మీదకి వచ్చేశాడు. గీత, నా వేళ్ళు, గీతకి అవతల తెల్లచొక్కా వేసుకున్న రిఫరీ గారి వీపు, అన్నీ పడ్డాయి. ఆ టేపు ఇంట్లో వేసుకుని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. దాటిందని అందరూ అన్నారు. కానీ ఇంట్లోవాళ్ళ మాటకి విలువేముంది? నేను పాడినా బావుందనేవాళ్ళే కదా. అసలైన రిఫరీ ఒకాయన చూసి, నేను ఎవరో తెలియకుండా, దాటిందని చెప్పాలి. అప్పుడే నాకు నిద్రపడుతుంది.

అందుకని వ్యాయామ విద్యలో పెద్ద చదువుకి వెళ్ళినప్పుడు టాపిక్ కోసం నేను వెతుక్కోలేదు. "రిఫరీలు నిర్ణయం ఎలా తీసుకుంటారు? కళ్ళతో చూసి చెప్తారా, జనం గోల విని చెప్తారా?" అన్నాను మా గైడు గారితో. ఆయన కళ్ళజోడు తీసి, "కొత్తగా ఉందమ్మా, చెయ్యి" అన్నారు. మా పోటీలవీ, ఆ తర్వాత అబ్బాయిల పోటీలవీ బాబాయి తీసిన టేపుల్లోంచి తగాదా పడదగిన కూతలన్నీ ముక్కలుగా కత్తిరించాం. రిఫరీ చెయ్యి లేవకముందే బొమ్మ ఆగిపోవాలి, చూసినవాళ్ళు అవుటో సేఫో చెప్పాలి. ఒకసారి గోలతో, ఒకసారి గోల లేకుండా. (బాబాయి అలవాటు ప్రకారం ప్రతి ముక్క చివరా గులాబీ పువ్వు విచ్చుకునేలా పెట్టాడు. తీసెయ్యమంటే, "అంత బోసిగా ఎలా ఆపుతామే?" అని బాధపడ్డాడు.) మధ్యలో ఎక్కడో, ఏమీ ఎరగనట్టు, నా ముక్క కూడా పెట్టాను. గైడు గారికి చెప్పలేదు.

ఏదో పోటీలకని రిఫరీలందరూ రాజమండ్రి వచ్చినప్పుడు, కాలేజీ గదిలో టీవీ పెట్టి, తలా ఒక కాగితం ఇచ్చి కూర్చోబెట్టాను. ఎంత మర్యాదస్తులండీ వాళ్ళు! ఒకాయన అరటిపళ్ళు తెచ్చారు, ఒకాయన కాజాలు తెచ్చారు. పెద్ద విజిల్ గారికి ముందు వరసలో ఫ్యాను కింద కుర్చీ వేశారు. పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. కాగితాలు తీసి చూస్తే నా కళ్ళు చెదిరిపోయాయి. ఒక్కరికీ ఒక్కరికీ తేడా లేదు. మన జిల్లాల రిఫరీల చూపు ఇంత ఖచ్చితమా అని పొంగిపోతూ గైడు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఒక్కొక్క కాగితం తిప్పి, "ఇది పరిశోధనా, భజనా?" అన్నారు. "ఒక ముక్కకి అందరూ ఖాళీ వదిలేశారు. అదేంటి?"

నాకప్పుడు వెలిగింది. పెద్ద విజిల్ గారికి రాసేది పైకి గొణిగే అలవాటు. "ఊఁ... అవుటే" అని ఆయన గొణగగానే గదిలో కలాలన్నీ కదిలాయి. ఆ ఒక్క ముక్క వచ్చినప్పుడు ఆయన కిళ్ళీ ఉమ్మడానికి బయటికెళ్ళారు. పెద్దాయన లేకుండా తీర్పు చెప్పడం బావుండదని మిగతావాళ్ళు కలాలు మూసి వినయంగా కూర్చున్నారు. ఆ ముక్క ఏదో మీకు అర్థమయ్యే ఉంటుంది. సరిగ్గా నాదే. "కాలేజీలు తెరిచేలోగా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పించుకురా. లేదా టాపిక్ మార్చెయ్" అన్నారు గైడు గారు. మార్చడమా? చచ్చినా మార్చను అనుకున్నాను. మా అమ్మ నన్ను మొండిఘటం అని ఊరికే అనేది కాదు.

వాళ్ళని మళ్ళీ రమ్మనడం కుదరదు కాబట్టి టీవీనే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలని తీర్మానించాను. బాబాయి దగ్గర చిన్న టీవీ ఉంది, వీడియో డెక్కు ఉంది, స్కూటరు ఉంది. ఓపిక మాత్రం లేదు, దాన్ని నేను పుట్టించాను. డెక్కు స్కూటరు ముందు, టీవీ దుప్పట్లో చుట్టి నా ఒళ్ళో. మండుటెండలో కాలవగట్ల వెంట, పంటు మీద గోదావరి దాటి, లంకల్లోంచి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాం. పంటు మీద ఒకావిడ నా ఒళ్ళోది చూసి, "సారెమ్మా?" అని అడిగింది. ఇంకొకాయన, "ఏ కంపెనీదండి? మాకూ ఒకటి చూసి పెట్టండి" అన్నాడు. బాబాయి ఆయనకి ఆర్డరు పుస్తకం తీయబోతే గిల్లాను.

మొదట రావులపాలెం వెళ్ళాం. అక్కడి రిఫరీ గారికి అరటిగెలల వ్యాపారం. పొద్దున్న మార్కెట్టు చూసుకుని, భోంచేసి, గెలలు పేర్చిన వసారాలో మా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదటి ముక్క అయింది, గులాబీ విచ్చుకుంది. ఆయన గొంతు సవరించుకుని అడిగారు.

"పెద్ద విజిల్ గారు ఏమన్నారండి?"

"ఆయనకి ఇంకా విడిగా చూపించలేదండి. ముందు మీరే చెప్పాలి."

"అమ్మమ్మా, ఎంత మాట! ఆయన కంటే ముందు నేనా? రేపు ఆయన మొహం ఎలా చూడనండి?"

"ఆయనకి తెలియదండి. నేను ఎవరికీ చెప్పను."

"నాకు తెలుస్తుంది కదండి" అన్నారాయన, చాలా బాధగా.

ఏం చెయ్యను? బతిమాలాను. ఇది విజ్ఞానం కోసమన్నాను. "ఆయ్, అలాగేనండి" అంటారు, నోరు మాత్రం విప్పరు. ముక్క మళ్ళీ వేశాను. మళ్ళీ గులాబీ. ఇక సాయంత్రం దాకా వేస్తూనే ఉందామని నేను కూడా బాసింపట్టు వేశాను. అంతలో ఆయన భార్య మజ్జిగ గ్లాసులు తెచ్చి, టీవీ వంక చూసి, "అవుటేగా అది? ఆ కుర్రాణ్ణి పట్టేసుకున్నారు కదా" అన్నారు.

రిఫరీ గారు గిర్రున తిరిగారు. "నీకేం తెలుసు? నడుం పట్టుకున్నారు సరే, కాలు చూశావా? కాలెక్కడుంది? శుభ్రంగా గీత దాటితే అవుటంటావేంటి? సేఫు!"

నేను రాసేసుకున్నాను. ఇంకో ముక్క వేసి, ఆయన్ని వదిలేసి, "పిన్నిగారూ, ఇదేంటంటారు?" అన్నాను. ఆవిడ, "సేఫేమో" అన్నారు. "అవుటు! కూత తెగింది, వాడి నోరు చూడు" అని కస్సుమన్నారు ఈయన. గంటలో పని అయిపోయింది. పెద్ద విజిల్ గారి కంటే ముందు మాట్లాడటానికి ప్రాణం ఒప్పని మనిషి, భార్య మాట కాదనడానికి ఒక్క క్షణం ఆగలేదు. ఆవిడ అన్నవాటిలో సరైనవి ఉంటే వాటికి కూడా ఏదో వంక పెట్టి, చివరికి, "అవుటే గానీ, నువ్వు చెప్పిన కారణానికి కాదు" అన్నారు.

ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా అదే పద్ధతి. వంటింట్లోంచి అమ్మగారిని పిలిచి కూర్చోబెట్టడం, ముందు ఆవిడని అడగడం. తునిలో రిఫరీ గారికి ఇంకా పెళ్ళి కాలేదు. వాళ్ళ వదినగారు సాయం చేశారు. కోనసీమలో ఒకాయన వాళ్ళ చర్చిలో సంఘపెద్ద, ప్రతి ముక్కకీ ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. కళ్ళు తెరిచేసరికి గులాబీ వచ్చేసేది. వాళ్ళావిడ తోడు లేకపోతే ఆయనతో పని అయ్యేది కాదు. ఇదంతా గైడు గారికి చెప్తే కాసేపు ఆలోచించి, "ఇంకొకరి అభిప్రాయం విన్నాక తీసుకున్న నిర్ణయాలు అని రాద్దాం. మా ఇంట్లో కూడా ఇదే పద్ధతమ్మా" అన్నారు.

మరి నా ముక్క సంగతి? కొందరు దాటిందన్నారు, కొందరు దాటలేదన్నారు. దాటిందన్నవాళ్ళు నాకు మేధావుల్లా, దాటలేదన్నవాళ్ళు కళ్ళజోడు మార్చాల్సినవాళ్ళలా కనబడ్డారు (పరిశోధన చేసేవాళ్ళకి ఉండకూడని లక్షణమట). ఒకరిద్దరు, "ఆ నిలబడ్డాయన ఎవరండి? వీపు ఎక్కడో చూసినట్టుంది" అని నసిగారు గానీ, నేను డెక్కు సర్దుతున్నట్టు నటించాను. చివరికి సరిసమానంగా వచ్చి కూర్చుంది. ఇంక మిగిలింది పెద్దాపురం ఒక్కటే. ఆ తీర్పు చెప్పాల్సింది ఆ చెయ్యెత్తిన ఆయనే.

పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. స్కూటరు మీద బాబాయి, "అడగొద్దులేవే. ఉన్నవాళ్ళలో సగం మంది నీ వైపే అన్నారుగా, చాలదా?" అన్నాడు. చాలదన్నాను. అప్పటికి నేను చీర కట్టి, కళ్ళజోడు పెట్టి, జుట్టు ముడేసుకున్న మనిషిని. పెద్ద విజిల్ గారు నన్ను ఆ రెండు జడల పిల్లగా ఆనవాలు పట్టలేదు. "రామ్మా రా, యూనివర్సిటీ అమ్మాయి కదూ" అని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. వాళ్ళావిడ ఓ పక్కన చాప మీద చింతపండు గింజలు తీస్తున్నారు. నా పద్ధతి ప్రకారం ముందు ఆవిడని అడిగితే, "నాకెందుకమ్మా ఈ కబడ్డీ గొడవ" అని తల కూడా ఎత్తలేదు. సరే, నేరుగా మొదలుపెట్టాను. మొదటి ముక్క, గులాబీ. ఆయన గొణగలేదు. కుర్చీలో అటూ ఇటూ కదిలి, గొంతు తగ్గించి అడిగారు.

"మిగతావాళ్ళేమన్నారమ్మా?"

"చెప్పకూడదండి" అన్నాను.

"నువ్వు వాళ్ళతో చెప్పనంటే చెప్తాను. కాలేజీలో ఆ రోజు నేను గొణిగితే వాళ్ళు రాస్తున్నారని నాకు తెలియదనుకున్నావా? ఎప్పుడూ అంతే. వాళ్ళు రాస్తున్నారంటే నేనన్నది సరైనదే అయ్యుంటుందని నాకో ధైర్యం. ఇలా ఒక్కణ్ణీ కూర్చుని చెప్పమంటే..." అని ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. అంత పెద్దమనిషి, పరీక్షకి వచ్చిన పిల్లాడిలా భయపడ్డారు. నాకు నిజంగా జాలేసింది. కానీ లేవలేదు. "మీరు చూసింది చెప్పండి మాస్టారూ, అది చాలు" అన్నాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో తడబడ్డా, పోనుపోను కుర్చీ అంచుకి జరిగి, ఎక్కడ మోకాలు ముందు తగిలిందో, ఎవరి భుజం ముందు వాలిందో ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. అంత బాగా ఆటని చూసిన మనిషిని నేను మళ్ళీ ఎరగను. అలా వస్తూ వస్తూ నా ముక్క వచ్చింది. బాబాయి ఇంటి దూలాలు లెక్కపెడుతున్నాడు.

"దాటింది" అన్నారాయన ఠక్కున. "శుభ్రంగా దాటింది. ఆ పిల్ల పట్టుదల చూడు, అంతమంది పట్టుకున్నా చెయ్యి ఎలా చాచిందో! పాయింటు ఆ పిల్లదే. అది సరే గానీ, ఆ రిఫరీ ఎవడమ్మా? గీత మీద ఉండాల్సినవాడు అక్కడెక్కడో నిలబడ్డాడేంటి? అక్కణ్ణించి వేళ్ళు కనబడతాయా? ఇలాంటివాళ్ళకి విజిల్ ఎవరిచ్చారసలు?"

చింతపండు చాప మీంచి ఆవిడ అప్పుడు తల ఎత్తారు. "ఆ వీపు మీదేనండీ" అన్నారు. "ఆ చొక్కా భుజం మీద కుట్టు నేను వేసిందే."

ఆయన, "మళ్ళీ వెయ్యమ్మా" అన్నారు. వేశాను. మళ్ళీ అన్నారు, మళ్ళీ వేశాను. బాబాయి ఆగలేక, "ఆ పిల్ల మా అమ్మాయేనండి" అనేశాడు. పెద్ద విజిల్ గారు టీవీ వంకా నా వంకా చూశారు. "ఇంత ఎండలో టీవీ మోసుకుంటూ ఊళ్ళన్నీ తిరిగింది దీనికోసమా?" అన్నారు.

"పరిశోధన కోసమండి" అన్నాను. ఆయన అలాగే చూస్తుంటే, "దీనికోసం కూడానండి" అన్నాను.

ఆయన లోపలికెళ్ళారు. కోపం వచ్చిందనుకున్నాం. తెల్లచొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. టీవీ పక్కన నిటారుగా నిలబడి, మైదానంలో నిలబడ్డట్టే నిలబడి, చెయ్యి నా వైపు ఎత్తారు. "రైడరు సేఫ్. పాయింటు" అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారిపోయాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఆయన చెయ్యి దించి, గొంతు సవరించుకుని, "కానీ ప్రొటెస్టు గడువు దాటిపోయిందమ్మా. రిజల్టు మారదు" అన్నారు. "తెలుసండి" అన్నాను, ముక్కు చీదుకుంటూ.

భోజనం పెట్టిగానీ పంపలేదు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఆయనే అన్నారు. "ఆ రోజు చూసి ఊదలేదమ్మా. జనం ఒక్కసారి గొల్లుమనేసరికి విజిల్ నోట్లో మోగిపోయింది. మోగాక ఏం చూశానా అని వెతుక్కున్నాను. వెతుక్కుంటే ఏదో ఒకటి దొరుకుతుంది కదా." నా చదువంతటికీ నేను వెతుకుతున్న మాట అదే. చెయ్యి కడుక్కుని రాసుకుందామనుకున్నాను, కానీ ఆవిడ మళ్ళీ పప్పు వడ్డించారు.

గైడు గారికి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆయన విని, చాలాసేపు నవ్వి, "పరిశోధన చేసేదీ నువ్వే, అందులో పడిపోయిందీ నువ్వే అయితే ఎలాగమ్మా? ఆ ముక్క తీసెయ్" అన్నారు. తీసేశాను. కాబట్టి ఆ పాయింటు మైదానంలోనూ ఎక్కలేదు, నా పుస్తకంలోనూ ఎక్కలేదు. దాని గురించి తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనూ, మా బాబాయీ మిగిలాం. చివర్లో యూనివర్సిటీకి ఇచ్చిన టేపులో గులాబీ తీసెయ్యకుండా ఉంటే ఇంకా మంచి మార్కులు వచ్చేవని అతను ఇప్పటికీ అంటాడు.

నేను కాలేజీలో ఆటల మేడమ్‌నై చాలా కాలమైంది. మోకాళ్ళు మాట వినడం లేదు. ఈ మధ్య మా అపార్టుమెంటు మీటింగులో నేను అనని మాట అన్నానని ఎవరో గట్టిగా అంటే, "పోనీలెండి, దాందేముంది" అని టీ తాగి వచ్చేశాను. మెట్లెక్కుతుంటే తెలిసింది, ఈ పోనీలే అనే మాట నాకెప్పుడు అలవాటైందో నాకే గుర్తులేదు. ఒళ్ళో టీవీ పెట్టుకుని పంటు మీద కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురైతే, ఎండన పడి ఎందుకే ఈ తిరుగుడు, పోనీలేవే అని చెప్తానేమోనని నాకు భయం. అది నా మాట వినదు, అదొక్కటే నా ధైర్యం.